అత్తగారి ఊరి మీదుగా లాంచీ ప్రయాణం

మా బహదూర్‌పురాలో నీళ్ళు చూడాలంటే ఎక్కడికీ పోనక్కరలేదు. పక్కనే మీరాలం చెరువు. ఇరవైయొక్క కమానులు వరుసగా పేర్చినట్టు కట్టిన ఆనకట్ట అది. రెండు వందల ఏళ్ళు దాటినా నిలిచే ఉంది. దాని ఒడ్డునే 1963లో జంతుప్రదర్శనశాల తెరిచారు. సెలవునాడు ఊళ్ళో పిల్లలంతా అక్కడే. అయినా మావాడికి తృప్తి లేదు. పడవెక్కి దీవికి వెళ్ళాలని పట్టుబట్టాడు.

"దీవి మనకూ ఉందిరా, నాగార్జునకొండ" అన్నారు మావారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా అత్తగారు పుట్టింది ఆ కొండ కింద పుల్లారెడ్డిగూడెంలో. ఆ ఊరు ఇప్పుడు కృష్ణ నీళ్ళ అడుగున ఉంది. చిన్నతనంలో ఊరు విడిచి వచ్చాక ఆమె మళ్ళీ అటు వెళ్ళలేదు. మేమూ తీసుకువెళ్ళలేదు.

కాసేపటికి, "నేనూ వస్తానమ్మాయ్" అన్నారు.

శుక్రవారం మ్యూజియం ఉండదు కనుక ఆదివారం పెట్టుకున్నాం. తెల్లవారుజామునే పులిహోరా, పెరుగన్నమూ కట్టుకుని బయలుదేరి, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సాగర్ చేరాం. ఇంచుమించు 150 కిలోమీటర్లు. అక్కడ కృష్ణ దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. తగినంతమంది ఎక్కితే గాని లాంచీ కదలదు. వెళ్ళదలచినవారు పెందలాడే చేరుకోవాలి. తిరుగు ప్రయాణం వేళ కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

దీవి దాదాపు 11 కిలోమీటర్లు. గంటసేపు నీటి మీదే. చుట్టూ నల్లమల కొండలు, చల్లటి గాలి, ఎటు చూసినా నీలం. కాలేజీ, పరీక్ష పేపర్లు, ట్రాఫిక్కు, అన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. మావాడు కేరింతలు కొడుతున్నాడు. అత్తగారు మాత్రం కమ్మీ పట్టుకుని నీళ్ళలోకే చూస్తున్నారు.

నేను పాఠం మొదలుపెట్టాను. ఊరుకోలేకపోవడం మా వృత్తి లక్షణం. ఇది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, మూడు, నాలుగు శతాబ్దులనాటి మాట. ఇక్కడి ప్రాకృత శాసనాలలో రాజులు తల్లుల పేర్లతో కనిపిస్తారు: వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. మహాచైత్యం దాత శాంతమూలుని తోబుట్టువు శాంతిశ్రీ. 1920లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. 1926లో సరస్వతిగారు వచ్చి పరిశీలించారు. తరువాత లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా మళ్ళీ తవ్వారు.

"తవ్వకాలు నాకు తెలుసు," అన్నారు అత్తగారు. "మా నాయన పారపని చేశాడు. ఇటుక ఇటుకకూ లెక్క రాసేవాళ్ళు."

పదిహేనేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఈ సంగతి నాకు ఆనాడే తెలిసింది.

దీవి అంటే పూర్వపు కొండ శిఖరమే. కింద మునిగిన కట్టడాలలో కొన్నిటిని విప్పి తెచ్చి పైన తిరిగి కట్టారు. మహాచైత్యం, స్నానఘట్టం చూశాం. ఆవలి ఒడ్డున అనుపు దగ్గర ప్రేక్షాగారాన్ని కూడా ఇలాగే నిలబెట్టారు. విహారం ఆకారంలో కట్టిన మ్యూజియంలో నిలువెత్తు బుద్ధవిగ్రహమూ, శిల్పఫలకాలూ ఉన్నాయి. వాటిని చూడడానికి రెండు గంటలూ చాలవు.

అత్తగారు మాత్రం మునిగిన లోయ నమూనా దగ్గర నిలబడిపోయారు. స్తూపాలు ఎక్కడెక్కడ ఉండేవో అందులో ఉంది.

"నాయనమ్మా, మీ ఇల్లు ఏదీ?" అన్నాడు మావాడు.

ఆమె వేలు నమూనా మీద కాసేపు తిరిగి ఆగింది. "ఇక్కడ. దీంట్లో పెట్టలేదులే. మాది మట్టిగోడల ఇల్లు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలాక మాచర్ల దగ్గర తమవాళ్ళూ వరి పండించారని ఆమే చెప్పారు. "నీళ్ళు మంచివేనమ్మాయ్. బావి ఒక్కటే గుర్తొస్తుంది."

ఎన్నడో గతించిన శాంతిశ్రీ ఎవరి సోదరో, ఎవరి మేనత్తో క్లాసులో తడుముకోకుండా చెబుతాను. మా అత్తగారి ఊళ్ళో బావి ఎటువైపు ఉండేదో అడగలేదు. ఆ ఉపాధ్యాయుడు స్తంభం చూసి ఊరుకోలేదు, పదిమందికీ తెలియజేశాడు. నేను మా ఇంట్లోనే చూడలేదు.

తిరుగు లాంచీలో మావాడు నోటుపుస్తకం తీశాడు. నాయనమ్మ చెబుతుంటే వాడు గీశాడు: బావి, చింతచెట్టు, బడి, పశువుల దొడ్డి, ఇంటింటికీ ఒక పేరు. లాంచీ ఊగినప్పుడల్లా గీతలు వంకర పోయాయి. విజయపురి సౌత్ చేరేసరికి రెండు పేజీలు నిండాయి.

"ఈ వీధి మిగిలిపోయిందిరా," అన్నారామె. "మళ్ళీ వచ్చినప్పుడు చెబుతాను."

వచ్చే సంక్రాంతి సెలవులకు మళ్ళీ వెళుతున్నాం. మీరూ వెళ్ళండి, ఒక్కరోజులో ఇంతటి హాయి మరోచోట దొరకదు. కాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకువెళ్ళండి. ఒక నోటుపుస్తకం మరిచిపోకండి.