గ్లూకోజు పది మెట్లు: క్లిక్కుకు ఒక్క మార్పే

జొన్నరొట్టె తిని బడికి వచ్చే మనూర్ లాంటి పల్లెల పిల్లలకు తిండితోనే ఒంట్లో సత్తువ వస్తుందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఎలా వస్తుందన్నదే చిక్కు. ఇంటర్ బైపీసీలో శ్వాసక్రియ పాఠం దగ్గర గ్లూకోజు నుంచి పైరూవిక్ ఆమ్లం దాకా పది బాణాలు, పది ఎంజైముల పేర్లు బోర్డు మీద ఒక్కసారే కనిపిస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక చాలామంది బట్టీ పడతారు. పరీక్ష కాగానే మరిచిపోతారు.

ఒక్కో మెట్టే చూపించే స్లైడ్లతో ఈ చిక్కు తీరుతుంది. అయితే బొమ్మ కదిలినంత మాత్రాన పాఠం అర్థం కాదు. బార్బరా ట్వెర్స్కీ, మరో ఇద్దరు పరిశోధకులు యానిమేషన్ మీద వచ్చిన అధ్యయనాలను వడబోసి 2002లో ఒక వ్యాసం రాశారు. కదలని బొమ్మల కంటే కదిలేవే మేలని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చారు. బొమ్మ గబగబా సాగిపోతే కన్ను అందుకోలేదు. పాఠాన్ని ముక్కలు చేసి, తర్వాతి ముక్కకు ఎప్పుడు వెళ్లాలో నేర్చుకునేవారికే వదిలేస్తే బాగా ఒంటబడుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చెబుతున్నాయి.

ఆ పది మెట్ల వరస గ్లైకాలిసిస్‌నే తీసుకుందాం. మొదటి స్లైడులో ఆరు సున్నాలు గీయండి. అవి గ్లూకోజులోని ఆరు కార్బన్లు. ఒక క్లిక్కుకు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఫాస్ఫేటు వచ్చి ఆరో కార్బన్‌కు అతుక్కోవాలి. అక్కడ ఆగి, ఎందుకని అడగండి. ఫాస్ఫేటుకు విద్యుదావేశం ఉంటుంది. అది తగిలాక గ్లూకోజు కణపొర దాటి బయటికి పోలేక లోపలే చిక్కుకుంటుంది. ఈ కారణం తెలిశాక, ఆ ఫాస్ఫేటును అతికించే ఎంజైము హెక్సోకైనేజ్ పేరు దానంతటదే గుర్తుంటుంది.

ఆ ఫాస్ఫేటు వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని ఆయన, సైరస్ ఫిస్కే కలిసి 1925లో ప్రకటించారు. ఆ కొలతతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. సుబ్బారావు, ఫిస్కే రంగుతో ఫాస్ఫరస్‌ను పట్టుకున్నట్టే, మీరూ స్లైడ్లలో ఫాస్ఫేటుకు ఒకే రంగు వేసి, చివరిదాకా మార్చకండి. అది ఎక్కడ చేరిందో, ఎక్కడ విడిపోయిందో కన్నే పట్టేస్తుంది.

మూడో మెట్టులో రెండో ఏటీపీ ఖర్చవుతుంది. నాలుగో మెట్టులో ఆరు కార్బన్ల గొలుసు మూడు మూడుగా తెగుతుంది. లెక్క తప్పేది ఇక్కడే. తెగిన రెండు ముక్కల్లో ఒకటి ఐదో మెట్టులో రెండోదానిలా మారుతుంది. ఆపై ప్రతి మెట్టూ రెండుసార్లు జరుగుతుంది. అందుకే ఆరో మెట్టు నుంచి ప్రతి స్లైడు మూలనా ‘రెండింతలు’ అని రాసి ఉంచాలి. ఆరో మెట్టులో శక్తిని మోసే ఎన్‌ఏడీహెచ్‌లు రెండు, ఏడులో రెండు ఏటీపీలు, పదిలో మరో రెండు వస్తాయి. కంది రైతు విత్తనం, ఎరువు ఖర్చు తీసేసి రాబడి చూసుకున్నట్టే, నాలుగు ఏటీపీల్లోంచి పెట్టుబడి రెండు తీసేస్తే మిగిలేది రెండు.

పల్లె విద్యార్థికి పాఠం చాలాసార్లు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గానే చేరుతుంది. పీడీఎఫ్‌లో యానిమేషన్ పనిచేయదు. ఒకే స్లైడులో పేర్చిన బాణాలు, పేర్లు ఒకదాని మీద ఒకటి పడి చదవరాకుండా పోతాయి. దీనికి తేలిక ఉపాయం ఉంది. యానిమేషన్ బటన్ జోలికి పోకుండా స్లైడును కాపీ చేసి, కొత్తదానిలో ఒక్క మార్పే చేర్చండి. ఫోనులో పేజీ జరుపుతుంటే అదే యానిమేషన్ అవుతుంది. నచ్చినచోట ఆగొచ్చు, వెనక్కీ పోవచ్చు.

చివరగా ఒక పరీక్ష. పేజీ జరిపే ముందే ‘ఇప్పుడేం వస్తుంది?’ అని అడగండి. ఎంజైము పేరు తడబడినా, కార్బన్లెన్నో ఫాస్ఫేటు ఎక్కడుందో పిల్లలు సరిగ్గా చెప్పగలిగితే పాఠం ఎక్కినట్టే.