ఇంటి ముంగిట బాస్కెట్‌బాల్: బరువు లెక్క

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ వ్యాయామశాల మేడవసారా అంచుకు పీచ్ పండ్ల బుట్టలు బిగించి బాస్కెట్‌బాల్ క్రీడకు శ్రీకారం చుట్టాడు. ఆనాటి పది అడుగుల ఎత్తే నేటికీ ప్రమాణం. అమెరికాలో తెలుగువారి ముంగిళ్ళలోనూ కనిపించే ఈ వలయం, కదిలించదగిన రకమైతే, కేవలం పీఠం బరువుపైనే ఆధారపడి నిలుస్తుంది.

పీఠం ముందు అంచే ఇక్కడ ఆధార బిందువు. ఉదాహరణకు, దానికి మూడడుగులు ముందున్న వలయాన్ని పట్టుకొని 60 కిలోల బాలుడు వేలాడితే, రెండడుగులు వెనుక కనీసం 90 కిలోల బరువుంటేనే సమతూకం కుదురుతుంది. ఊగితే అదీ చాలదు. కనుక వేలాడటం నిషిద్ధం.

శీతల ప్రాంతాలలో పీఠాన్ని నీటితో నింపితే, అది గడ్డకట్టి, సుమారు 9 శాతం వ్యాకోచించి పీఠాన్ని పగులగొట్టవచ్చు. మంచు కరిగాక నీరు కారిపోయి, పైకి దృఢంగా కనిపించే స్తంభం పట్టు కోల్పోతుంది. పొడి ఇసుకకు ఈ దోషం లేదు. పైగా నీటికంటె ఒకటిన్నర రెట్లు బరువు.

శాశ్వత స్తంభం పాతదలచినవారు కొన్ని రోజుల ముందే 811కు ఫోన్ చేసి, భూగర్భంలోని గ్యాసు గొట్టాల, విద్యుత్ తీగల జాడ గుర్తింపజేసుకోవాలి. కాంక్రీటు పూర్తిగా గట్టిపడేవరకు ఆట తగదు.

ప్రతి వసంతారంభంలో పీఠాన్ని పరీక్షించడం, ఆటకు ముందు పిల్లల ఉంగరాలు, గొలుసులు తీయించడం పెద్దల బాధ్యత.