అవ్వ మాట, కన్నడ అక్షరం

జిగణి చుట్టుపట్ల తెలుగు ఇండ్లలో బిడ్డ తెలుగులో అన్నమడిగి, కన్నడంలో పాఠం చదివి, ఆంగ్లంలో పరీక్ష వ్రాయడం సర్వసాధారణమైనది. అట్టి బిడ్డలను కథ వ్రాయమంటే పలువురు పాఠ్యపుస్తకంలోని రాజునో, సింహాన్నో తెచ్చి నిలబెడతారు. ఊహాశక్తి లేక కాదు. ఇంట మాట్లాడే మాట కాగితమెక్కదగినది కాదని వారి నమ్మకం. హోసూరు వైపు ఈ బెంగ ఇంకా ఎక్కువ. అక్కడ 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తప్పనిసరి చేసింది.

ఈ చిక్కును మన సీమలోనే ఒకరు ఏనాడో దాటారు. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్మిన నారేయణ యోగి, మనం కైవార తాతయ్య అని పిలుచుకొనే పెద్దాయన, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు కట్టారు. ఆయన తెలుగు తత్వాలు నేటికీ కన్నడ లిపిలో అచ్చవుతున్నాయి. తెలుగు అక్షరం రానివారు సైతం వాటిని చూచి పాడుకొంటున్నారు. లిపి వేరైనందున పాటకు కలిగిన లోటు ఏమున్నది?

కనుక తెలుగు వ్రాయరాని బిడ్డ, అవ్వ చెప్పిన కథను కన్నడ లిపిలోనే వ్రాసుకోవచ్చును. అక్షరాలు తరువాత నేర్వవచ్చు. రెండు లిపులూ ఒకే పాత లిపినుండి చీలినవి. గ, ద, న, బ, ర, ల వంటివాటికి తలకట్టు మార్చితే దాదాపు సరిపోతుంది. క, త, హ వంటి కొన్నింటిని కొత్తగా దిద్దుకోవాలి. (ఇందుకు ఓపిక కావలసినది పెద్దలకే.)

ఇక చదువవలసినవి. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలలో 2020నాటి ‘ఓదువ బెళకు’ కార్యక్రమంతో 6 నుండి 18 ఏండ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వం వచ్చింది. అక్కడి కన్నడ కథలు చదివినా తెలుగు కథకు పుష్టే. తెలుగులోనైతే స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ తెచ్చి, చదువను వచ్చినవారు ఇంట్లో బిగ్గరగా చదవండి. ప్రళయకావేరి అంటే ఆంధ్ర, తమిళనాడుల సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సు. అక్కడి పల్లెల తిండి, ఆటలు, బంధుత్వాలు అక్కడి మాటతీరులోనే ఉంటాయి. వింటున్న బిడ్డకు తన అవ్వ మాట కూడా పుస్తకంలోకి రాగలదని తోస్తుంది. ప్రేరణ అంటే నాకు తెలిసినంతవరకు ఇదే.

ఆ వేడిమీదనే బిడ్డను అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. నేడు గ్రానైటు పలకలు కోస్తున్న చోట అప్పుడేమి పండేది, రాగులు ఎట్లు నూర్చేవారు, ఏ పాట పాడేవారు అని అడగనివ్వండి. ఆమె ఆకుకూరను ‘సొప్పు’ అంటే సొప్పు అనే వ్రాయనివ్వండి; కన్నడ మాట కలిసిందని కొట్టివేయకండి. తండ్రి రాతి కార్ఖానాలో పనిచేస్తుంటే, ఆ రంపం మోత, ఒంటినిండా తెల్లని దుమ్ముతో ఆయన ఇల్లు చేరడం కూడా కథే.

వ్రాసినదాని కింద అవ్వ పేరు, ఊరు, తేదీ వేయించండి. పిదప దానిని బిడ్డ చేతనే ఆమెకు చదివించండి. తప్పులుంటే ఆమే దిద్దుతుంది.