విద్యార్థి వ్యాసములలో గ్రంథచౌర్యము: గుర్తించే విధము

వేదాంత కళాశాలలో వ్యాసములు దిద్దే మాకు ఏటేటా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: ఈ మాటలు ఈ విద్యార్థివేనా? ఇతరుల రచనను, వారి పేరు చెప్పకుండ, తనదిగా చూపుటయే గ్రంథచౌర్యము. దానిని అధ్యాపకులు ఎలాగు పసిగడతారో ఇక్కడ వివరించదలచాము.

కంప్యూటరు సహాయము ఉన్నది. టర్నిటిన్ వంటి సాఫ్ట్‌వేరు వ్యాసమును తన వద్దనున్న రచనలతో పోల్చి ఎంత శాతము కలిసినదో చూపుతుంది. యు.జి.సి. 2018లో చేసిన నిబంధనల ప్రకారము 10 శాతము వరకు సారూప్యతకు శిక్ష లేదు. 60 దాటితే అది అతి తీవ్రమైన స్థాయి. అయితే ఆంగ్ల వ్యాఖ్యానమును తెలుగు చేసి వ్రాస్తే మాటలు కలియవు గనుక, మాటలను పోల్చే యంత్రమునకు అది చిక్కుట కష్టము. మా వద్దకు వచ్చే వ్యాసములలో జరిగేది ఎక్కువగా ఇదే.

కనుక శ్రద్ధగా చదువక తప్పదు. ఎలాగు చదవాలో సువార్తల పరస్పర సంబంధమును గూర్చిన పాఠములోనే ఉన్నది. మత్తయి 24:15లోను మార్కు 13:14లోను, ప్రభువు ప్రసంగము నడుమ, చదువరిని ఉద్దేశించిన చిన్న మాట ఒకే చోట కనబడుతుంది. ఇద్దరు వేర్వేరుగా విని వ్రాస్తే అటువంటి పక్కమాట ఒకే చోట పడుట అరుదు. అలాగే ఇద్దరు విద్యార్థులు ఒకే వచన సంఖ్యను ఒకే విధముగా తప్పు వ్రాస్తే, సరియైన జవాబులు ఎన్ని కలిసినదానికంటె అది గట్టి సాక్ష్యము.

మరొకటి చూడండి. మార్కు 6వ అధ్యాయములో హేరోదు ‘రాజు’. మత్తయి 14:1లో అతడు ‘చతుర్థాధిపతి’. 9వ వచనమునకు వచ్చేసరికి మరల ‘రాజు’. మార్క్ గుడేకర్ 1998 నాటి వ్యాసములో దీనిని రచయిత అలసటగా వివరించాడు: మూలమును మొదట సవరించినవాడు పోనుపోను దానినే అనుసరిస్తాడు. (సువార్తికులను దొంగలనుట మా ఉద్దేశము కాదు. తనకు ముందు వ్రాసినవారున్నారని లూకా మొదటనే చెప్పాడు.) మా విద్యార్థి మొదటి రెండు పేజీలలో ‘పరిశుద్ధాత్మ’ అని వ్రాసి మూడవ పేజీలో ‘పవిత్రాత్మ’ అంటే, ‘బాప్తిస్మమిచ్చు యోహాను’ కాస్త ‘స్నాపక యోహాను’ అయితే, అతని ముందు కతోలిక గ్రంథమొకటి తెరచియున్నదని అనుకోవచ్చును.

అనుకోవచ్చును, అంతే. ఒకసారి మారుమనస్సును గూర్చిన వ్యాసములో రెండు పేజీలు హఠాత్తుగా పాత గ్రాంథికములో నడిచాయి. ఏదో మిషనరీల కాలపు పుస్తకమని నిశ్చయించుకొని గ్రంథాలయములో రెండు రోజులు వెదకాము, దొరకలేదు. విద్యార్థిని పిలిచి, కాగితము చూడకుండ వివరించమన్నాము. తడబడక వివరించాడు. అవి ఉపదేశిగా పనిచేసిన తన తాతగారి ప్రసంగ పుస్తకములోని మాటలనియు, చిన్నప్పటినుండి వింటున్నవేననియు చెప్పాడు. ఇంట విన్నదానికి పేరు చెప్పాలని అతనికి తోచలేదు. ప్రసంగ వేదికపై మేము మాత్రము ఎన్నిసార్లు చెప్పాము?

మార్కులు తగ్గించలేదు. తాతగారి పేరు, ఊరు, ఆ నోటుపుస్తకము సంగతి అధోజ్ఞాపికలో వ్రాసి తెమ్మన్నాము, వారములో తెచ్చాడు. ఆ ప్రసంగమును తాతగారు ఎవరివద్ద విన్నారో మేము అడుగలేదు.