ప్రొఫెసర్ శంకు డైరీలు: పాత ఇష్టం, కొత్త సాహసం

'చందమామ' వచ్చిన ఇళ్లలో భేతాళ కథల ఎత్తుగడ తెలియనివారు ఉండరు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు, భేతాళుడు కథ చెబుతాడు, రాజుకు మౌనభంగం కాగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. దశాబ్దాల తరబడి ఆ మొదలూ ఆ చివరా మారలేదు. మధ్యలోని కథ మాత్రం నెలనెలా కొత్తది. ఒక్కసారి ఆలోచించండి. మీరు ఎదురుచూసింది మారని చట్రం కోసమా, మారే కథ కోసమా? చాలామంది రెండూ కావాలనే అంటారు. ఏళ్ల తరబడి సాగే ఏ కథామాలకైనా ఉన్న చిక్కు ఇదే.

సైన్స్ ఫిక్షన్ దగ్గరకు వచ్చేసరికి ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. ఆ సాహిత్యం పాఠకుడికి ఇచ్చే మాటే 'ఇంతవరకు చూడనిది చూపిస్తాను' అని. కథామాల అభిమాని అడిగేదేమో 'నాకు తెలిసినవాళ్లనే మళ్లీ చూపించు' అని. హాలీవుడ్‌లో 'స్టార్ వార్స్' నిర్మాతలు ఈ రెండింటి మధ్య ఊగిసలాడటం మనం చూశాం. 1977 నాటి మొదటి చిత్రాన్ని గుర్తుచేసే సన్నివేశాలతోనే 2015లో కథను తిరిగి మొదలుపెట్టారు. 2017లో వచ్చిన చిత్రం పాత కథానాయకుడిని విరక్తుడిగా చూపే సాహసం చేస్తే అభిమానులు రెండుగా చీలిపోయారు. 2019లో మళ్లీ పాత ప్రతినాయకుడినే లేపి తెచ్చారు. బ్రిటన్‌లో బి.బి.సి. వారి 'డాక్టర్ హూ' ధారావాహిక 1966లో ఇంతకన్నా తెలివైన దారి పట్టింది. ప్రధాన నటుడి ఆరోగ్యం బాగులేనప్పుడు, ఆ పాత్ర దేహాన్నే మార్చుకోగలదని కథలో కలిపి మరో నటుడిని నిలబెట్టారు. అప్పటి గత్యంతరం లేని ఏర్పాటే తరవాత ఆ ధారావాహికకు ఊపిరి అయింది.

ఇదంతా పెద్ద పెట్టుబడుల వ్యవహారం. మన దేశంలో ఒక పిల్లల పత్రిక పేజీల్లో, దాదాపు ఒక్క మనిషి చేతి మీదుగా ఇదే సమస్య ఎలా నడిచిందో చూడాలంటే కోల్‌కతాకు వెళ్లాలి.

ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1913లో 'సందేశ్' అనే పిల్లల పత్రిక పెట్టారు. ఆయన కొడుకు సుకుమార్ రాయ్ అందులో రాశారు, బొమ్మలు వేశారు. తరవాత మూతపడిన ఆ పత్రికను 1961లో మనవడు సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి తిరిగి తెచ్చారు. పత్రికను పునరుద్ధరించడమే ఒక జ్ఞాపకాన్ని నిలబెట్టే పని కదా. ఆ ఏడాదే అందులో ప్రొఫెసర్ శంకు మొదటి కథ అచ్చయింది. అప్పటికి సత్యజిత్ రాయ్ పేరున్న సినీ దర్శకుడే.

త్రిలోకేశ్వర్ శంకు ఇరవై ఏళ్లకే కోల్‌కతా స్కాటిష్ చర్చ్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాడు. ఇప్పుడు గిరిడీహ్‌లో సొంత ప్రయోగశాల పెట్టుకుని ఉంటాడు. న్యూటన్ అనే పిల్లి, ప్రహ్లాద్ అనే నౌకరు, తాను చేసిన రోబో విధుశేఖర్ ఆయన తోడు. పక్కింటి అవినాశ్‌బాబుకు విజ్ఞానమంటే బొత్తిగా గౌరవం లేదు. శంకు వదిలిన రాకెట్ తన ముల్లంగి మడిలో పడిందని 500 రూపాయల నష్టపరిహారం అడిగే రకం. ఈ కథ నిండా ఇటువంటి వేళాకోళమే. సుకుమార్ రాయ్ కూడా ఒక కల్పిత యాత్రికుడి డైరీ రూపంలో, కానన్ డాయిల్ 'లాస్ట్ వరల్డ్'ను ఎగతాళి చేస్తూ ఒక రచన చేసి ఉన్నారు. శంకు తొలి కథ ఆ తండ్రి బాణీలోదే.

అయితే ఒక విశేషం గమనించండి. ఈ మొదటి కథలోనే కథానాయకుడు భూమిని విడిచి వెళ్లిపోతాడు. సుందరవనాల్లో ఉల్క పడిన గుంతలో దొరికిన ఆయన డైరీని రచయిత చదువుతారు. అందులో రాకెట్ ప్రయాణం, అంగారకుడు, ఆ తరవాత తాఫా అనే గ్రహం వస్తాయి. చింపినా చిరగని, కాల్చినా కాలని ఆ డైరీని చివరకు చీమలు తినేస్తాయి. కథామాల మొదలుపెట్టే రచయిత ఎవరైనా ఇలా దారి మూసుకుంటాడా? నా ఉద్దేశంలో రాయ్ అప్పుడు కథామాల గురించి ఆలోచించి ఉండరు. కానీ ఆ ముగింపు వల్ల, తరవాత రాసిన కథలన్నీ శంకు ఎగిరిపోక ముందు జరిగినవిగా చదువుకోవలసి వచ్చింది. డైరీలో సాధారణంగా తేదీ, నెల ఉంటాయి, సంవత్సరం ఉండదు. వెనక్కి చూడటం అనేది ఈ వరుసకు పుట్టుకతోనే వచ్చింది.

ఆ తరవాత నాలుగైదేళ్లలో రాయ్ చేసిన మార్పు అసలైన సాహసం. నవ్వించే శంకును ఆయన క్రమంగా గంభీరుడిని చేశారు. అవినాశ్‌బాబుకు ఉస్రీ నది ఒడ్డున దొరికిన ఒక చిన్న గోళం నిజానికి ఒక గ్రహం అని తేలే కథ ఉంది. అందులోని సూక్ష్మజీవులు తమను వదిలిపెట్టమంటాయి. వదిలితే భూమి మీది ప్రాణులకే ముప్పు, వదలకపోతే ఒక నాగరికత మొత్తం అంతరిస్తుంది. శంకు వదలడు. ముల్లంగి మడి కథ చదివి నవ్వుకున్న పిల్లవాడికి ఈ కథ అందించడం చిన్న విషయం కాదు. అభిమానుల ఇష్టాన్నే కొలమానంగా పెట్టుకుంటే ఈ మార్పు జరిగేదే కాదు. ఈనాటి బెంగాలీ పాఠకుడు బాల్యజ్ఞాపకంగా చెప్పుకునేది చాలావరకు ఈ రెండో శంకునే.

మన దగ్గర 'ఆదిత్య 369' సంగతీ ఇటువంటిదే. 2025లో తిరిగి విడుదలైనప్పుడు అది పాత రోజుల తీపిగుర్తు. 1991లో తెలుగు ప్రేక్షకుడిని కాలయంత్రం ఎక్కించి రాయల కొలువుకు తీసుకువెళ్లడం సింగీతం శ్రీనివాసరావు చేసిన పందెం.

మళ్లీ శంకు దగ్గరకు వద్దాం. 'ఆనందమేళా' వంటి పత్రికల దుర్గాపూజ ప్రత్యేక సంచికల కోసం బెంగాలీలు ఎదురుచూస్తారు, మన దీపావళి సంచికల్లాగానే. ఆ గిరాకీకి తగ్గట్టు రాస్తున్నప్పుడు శంకు కథల్లోనూ ఒక మూస ఏర్పడింది. విదేశం నుంచి ఆహ్వానం, అసూయాపరుడైన శాస్త్రవేత్త, ఆదుకునే మిత్రులు క్రోల్, సాండర్స్. వరసగా చదివితే విసుగనిపించేవి కొన్ని ఉన్నాయి, దాచడం ఎందుకు! కానీ ఆ మూసలోనే 1978లో 'కంపూ' వచ్చింది. ఫుట్‌బాల్ కన్నా కాస్త పెద్ద గోళంలా ఉండే కంప్యూటర్ అది. అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడంతో మొదలై, ఎవరూ అడగని వాటిని తనంతట తానే ఆలోచించి, చివరకు మరణం తరవాత ఏముందో తెలుసుకునే దాకా పోతుంది. ఇళ్లలో కంప్యూటర్ లేని రోజుల్లో రాసిన ఈ కథను ఇప్పుడు చదివి చూడండి.

పూర్తిచేసిన కథల్లో చివరిది 1990 నాటి 'స్వర్ణపర్ణి'. ఇది శంకు యౌవనాన్ని చెప్పే కథ. తండ్రి వైద్యుడు, సర్వరోగాలనూ నయం చేసే మొక్క, దాన్నుంచి శంకు చేసిన 'మిరాక్యురాల్' మాత్ర. పాత పాఠకులు మురిసిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ రాయ్ అక్కడ ఆగలేదు. ఆ మాత్రను పట్టుకుని శంకును నాజీల జర్మనీకి పంపారు. నాజీలు చావగొట్టిన ఒక యూదు సంస్కృత పండితుడిని శంకు బతికిస్తాడు. ఆ మందు సంగతి విని గోరింగ్ తనకూ కావాలంటాడు. అందరినీ బతికించే మందు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు? తొలి కథల్లో వింత వస్తువుగా కనిపించిన మాత్ర ఇక్కడ నీతిప్రశ్నగా మారింది.

శంకును రాయ్ స్వయంగా తెరకెక్కించలేదు. తన డిటెక్టివ్ ఫెలూదాతో మాత్రం రెండు చిత్రాలు తీశారు. కుమారుడు సందీప్ రాయ్ 2019 డిసెంబరులో తొలి శంకు చిత్రాన్ని తెచ్చారు. ధృతిమాన్ చటర్జీ శంకు. ఎంచుకున్నది అంగారక యాత్రను కాదు, 1980 నాటి నకుర్‌బాబు కథను. అతీంద్రియ శక్తి గల ఒక సాదాసీదా బెంగాలీ మనిషి శంకుతో బ్రెజిల్ వెళ్లే కథ అది. వారసుడిగా ఇది జాగ్రత్తైన ఎంపిక. తండ్రి 1965 ప్రాంతంలో చేసినట్టు స్వరమే మార్చేసే హక్కు వారసుడికి పాఠకులు ఇస్తారా? ఇచ్చినా ఆయన తీసుకోవాలా? పూర్తయిన శంకు కథలు 38. మరో రెండు 1992లో సత్యజిత్ రాయ్ మరణించేనాటికి సగంలో ఉన్నాయి. వాటిని అలాగే, ఆగిన చోటనే ఆపి అచ్చువేశారు.