మీటరు చెప్పని కిలోమీటర్లు

సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠ గోదావరికి అవతల నరసాపురం కళ్లెదుటే ఉంటుంది. కారుతో అక్కడికి చేరాలంటే దారులు రెండు. నది దాటించే పంటు ఎక్కించాలి, లేదంటే మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు నుంచి చుట్టి రావాలి. వరదకు పంటు ఆగితే ఆ చుట్టే గతి. ఇలా ఉద్యోగానికో, కిరాయికో రోజూ తిరిగే కారుకు టైమింగ్ బెల్టు మార్చే గడువు యజమాని అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తుంది. ఎంత ముందో లెక్కేద్దాం.

బెల్టు చేసే పని

ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ 2 చుట్లు తిరిగేసరికి క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా 1 చుట్టు తిరగాలి. పిస్టన్లకు, వాల్వులకు మధ్య ఈ పొత్తు చెడకుండా చూసేది పళ్లున్న రబ్బరు బెల్టు. 2,000 ఆర్‌పీఎం దగ్గర క్యామ్‌షాఫ్ట్ నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 16 సార్లకు పైగా తెరుచుకుంటుంది.

పరుగులో బెల్టు తెగితే క్యామ్‌షాఫ్ట్ ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఊపు మీద పైకి వస్తూనే ఉంటాయి. డీజిల్ ఇంజిన్లలో పైన మిగిలే చోటు చాలా తక్కువ. తెరిచి ఉన్న వాల్వుకు పిస్టన్ తగిలి వాల్వు వంగుతుంది. ఇక హెడ్ దించాల్సిందే. ఆ ఖర్చు బెల్టు మార్పించే ఖర్చుకు ఎన్నో రెట్లు.

మీ కారుకు బెల్టా, చెయినా?

2005లో వచ్చిన ఇన్నోవా 2.5 డీజిల్, డస్టర్ 1.5 డీజిల్, పాత శాంత్రో, ఇండికా, మారుతి 800 బెల్టు బండ్లు. ఇన్నోవా క్రిస్టా డీజిల్, స్విఫ్ట్ 1.3 డీజిల్ చెయిన్‌తో నడుస్తాయి. బెల్టు గడువు మోడల్‌ను బట్టి మారుతుంది. చాలావాటికి అది 60,000 నుంచి 1,50,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుతో వచ్చిన పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

లక్ష ఎప్పుడు నిండుతుంది?

గడువు 1,00,000 కిలోమీటర్లు, రోజుకు రానూపోనూ 80 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు అనుకుందాం. ఏడాదికి 24,000. లక్ష నిండడానికి 4 ఏళ్ల 2 నెలలు.

ఇప్పుడు ఆగి ఉన్న సమయాన్ని కలపండి. పంటు కోసమో, సవారీ కోసమో ఏసీ వేసుకుని ఇంజిన్ ఆపకుండా రోజూ గంటసేపు ఉంటే మీటరు కదలదు, బెల్టు తిరుగుతూనే ఉంటుంది. నిలిచి ఉన్నప్పుడు 800 ఆర్‌పీఎం, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 2,000 ఆర్‌పీఎం అనుకుంటే, ఆగి ఉన్న గంటలో బెల్టు తిరిగే చుట్లు 20 కిలోమీటర్ల ప్రయాణంతో సమానం. 300 రోజులకు 6,000 కిలోమీటర్లు. ఏడాదికి అసలు లెక్క 24,000 కాదు, 30,000. గడువు 3 ఏళ్ల 4 నెలలకే వస్తుంది, అంటే 10 నెలల ముందు.

తక్కువ తిరిగే కారుకూ నిశ్చింత లేదు. ఏడాదికి 8,000 తిరిగితే లక్షకు పన్నెండున్నరేళ్లు పడుతుంది, కానీ రబ్బరు వేడికి, వయసుకు ముందే గట్టిపడి పగుళ్లిస్తుంది. అందుకే చాలా కంపెనీలు కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువూ ఇస్తాయి. ఏది ముందు నిండితే అదే లెక్క.

మార్పించేటప్పుడు

బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు మార్పించండి. డస్టర్ డీజిల్‌లోలా వాటర్ పంపు ఇదే బెల్టుతో తిరిగే ఇంజిన్లలో పంపునూ కలపండి, విప్పే కూలి ఒక్కసారే పడుతుంది. ఆయిల్ కారుతుంటే ముందు దాన్ని ఆపించండి, ఆయిల్ తడికి రబ్బరు పాడవుతుంది. సెకండ్‌హ్యాండ్ కారుకు బెల్టు మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసిన చీటీ బానెట్ లోపల అంటించుకోండి.

మూత వెనక ఉండే బెల్టు తెగబోయే ముందు చప్పుడు చేస్తుందన్న నమ్మకం లేదు. చుట్ల లెక్క అంచనాయే అయినా, దాన్ని ముందువైపుకే వాడుకోవాలి. పుస్తకం లక్ష అంటే, రోజూ గంటసేపు ఇంజిన్ ఆపకుండా నిలిపే కారుకు 80,000 దగ్గరే బెల్టు మార్పించండి.