అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం: నీటి రంగు, నేల సారం, వర్షపాతం

దట్టమైన సతతహరితారణ్యం పెరిగే నేల సహజంగానే సారవంతమైనదై ఉంటుందని చాలామంది భావిస్తారు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం ఈ భావన పొరపాటని నిరూపిస్తుంది. అక్కడ నేల సారాన్ని చెట్ల ఎత్తు కంటే నదీజలాల రంగే స్పష్టంగా తెలియజేస్తుంది.

నదీ వ్యవస్థ స్వరూపం

పెరూ దేశంలోని ఆండీస్ పర్వతాలలో పుట్టిన అమెజాన్ సుమారు 6,400 కి.మీ. ప్రవహించి, బ్రెజిల్ తీరంలో అట్లాంటిక్ మహాసముద్రంలో కలుస్తుంది. దీని పరీవాహక ప్రాంతం 60 లక్షల చదరపు కి.మీ.కు పైబడి ఉంటుంది. సెకనుకు సగటున సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల నీరు సముద్రంలోకి చేరుతుంది. సముద్రానికి సుమారు 1,500 కి.మీ. దూరంలో ఉన్న మనౌస్ నగరం వద్ద కూడా నదీమట్టం సముద్రమట్టం కంటే కొద్ది పదుల మీటర్లు మాత్రమే ఎక్కువ. వాలు ఇంత తక్కువగా ఉన్నందున వరదనీరు వేగంగా దిగువకు పోక, ఇరువైపులా విస్తరించి నెలల తరబడి నిలుస్తుంది.

శీతోష్ణస్థితి

మధ్య అమెజాన్‌లో సగటు ఉష్ణోగ్రత 26-27 డిగ్రీల సెల్సియస్. ఋతువుల మధ్య తేడా కంటే పగటికి, రాత్రికి మధ్య తేడాయే ఎక్కువ. పరీవాహక ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 2,200 మి.మీ. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఉపనదులకు, ఉత్తరాన ఉన్న ఉపనదులకు వర్షాకాలం ఒకేసారి రాదు. మనౌస్ వద్ద నది సాధారణంగా జూన్‌లో గరిష్ఠ మట్టానికి, అక్టోబరు-నవంబరు నెలల్లో కనిష్ఠ మట్టానికి చేరుతుంది. ఈ రెండింటి మధ్య తేడా సుమారు 10 మీటర్లు.

అట్లాంటిక్ నుండి వ్యాపార పవనాలు తెచ్చిన తేమ వర్షంగా కురుస్తుంది. అడవి అందులో అధిక భాగాన్ని బాష్పోత్సేకం ద్వారా తిరిగి గాలిలోకి పంపగా, అది పడమటి దిశలో మళ్ళీ వర్షిస్తుంది. ఈ ప్రాంతపు వర్షంలో దాదాపు సగం ఇలా పునరావృతమైనదేనని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనేయాస్ సలాతి 1970వ దశకంలో ఆక్సిజన్ ఐసోటోపుల పరిశీలన ద్వారా చూపారు.

నీటి రంగు చెప్పే నేల సారం

జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ సియోలి ఇక్కడి జలాలను మూడు రకాలుగా వర్గీకరించారు. ఆండీస్ ఒండ్రును మోసుకువచ్చే సోలిమోయిస్, మదీరా వంటి నదులవి 'తెల్లని' జలాలు. ఇవి చూడటానికి బురద రంగులో ఉంటాయి. ఉదజని సూచిక తటస్థ స్థితికి దగ్గరగా ఉంటుంది. ఇసుక నేలల నుండి వచ్చే రియో నీగ్రోవి నల్లని జలాలు. హ్యూమిక్ ఆమ్లాల వల్ల ఆ రంగు ఏర్పడుతుంది. ఉదజని సూచిక 4-5 మాత్రమే, పోషకాలు అత్యల్పం. ప్రాచీన శిలాపీఠభూముల నుండి వచ్చే తపాజోస్, షింగు నదులవి స్వచ్ఛజలాలు. వీటిలోనూ ఒండ్రు స్వల్పమే.

తెల్లని జలాలు ముంచే మైదానాలను 'వార్జియా' అంటారు. ఏటా కొత్త ఒండ్రు చేరడం వల్ల ఇవి సారవంతమైనవి. వరద తీయగానే రైతులు మొక్కజొన్న, చిక్కుడు జాతి పంటలు, పుచ్చ, స్వల్పకాలిక కర్రపెండలం వేసి, తిరిగి వరద వచ్చేలోగా కోత ముగిస్తారు. నల్లని జలాలు ముంచే 'ఇగాపో' నేలలు సేద్యానికి అంతగా పనికిరావు.

వరద చేరని ఎత్తైన భూములలో ఆక్సిసాల్, అల్టిసాల్ నేలలు అధికం. వీటికి పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ, భాస్వరం లోపిస్తుంది, అల్యూమినియం విషప్రభావం ఉంటుంది. పోషకాలలో ఎక్కువ భాగం వృక్షాలలోను, రాలిన ఆకులలోను ఉండి, వేళ్ళు, మైకోరైజా శిలీంధ్రాల ద్వారా తిరిగి చెట్లకే చేరుతుంది. అడవిని నరికి కాల్చినప్పుడు బూడిద రెండు మూడేళ్ళు పంటనిస్తుంది. ఆపై దిగుబడి పడిపోతుంది. పూర్వ నివాసులు బొగ్గు, ఎముకలు, వంటింటి వ్యర్థాలు చేర్చగా ఏర్పడిన 'తెర్రా ప్రేతా' నల్లనేలలు మాత్రం శతాబ్దాల తరువాత కూడా సారాన్ని నిలుపుకున్నాయి.

ముగింపు

మనౌస్ వద్ద 1902 నుండి నమోదవుతున్న నదీమట్టం 2023లో కనిష్ఠ రికార్డుకు చేరగా, 2024లో అంతకంటే దిగువకు పడిపోయింది. పడవలు నడవక నదీతీర గ్రామాలకు రాకపోకలు స్తంభించాయి. అడవి తరుగుతున్నకొద్దీ వర్షాన్ని తిరిగి పంపే వ్యవస్థ బలహీనపడుతుంది. దానితో నదీమట్టాన్ని అనుసరించే వార్జియా పంటకాలం కూడా నమ్మకం కోల్పోతుంది. కనుక ఉష్ణమండల నేలల వినియోగాన్ని నిర్ణయించేటప్పుడు పైన కనిపించే పచ్చదనాన్ని గాక, ఒండ్రు మూలాన్ని, నేల రసాయన గుణాలను, వరద కాలక్రమాన్ని ముందుగా పరిశీలించడం అవసరం.